సెంటర్ కన్సోల్ బోట్ కొంటున్నారా? టాప్ స్పీడ్ తర్వాత చూద్దాం, ముందు తిరిగొచ్చే లెక్క చూడండి

కొత్త ఫోన్ కొనాలంటే మనం ఏం చేస్తాం? ప్రాసెసర్, ర్యామ్, బ్యాటరీ, కెమెరా అన్నీ పక్కపక్కన పెట్టి పోల్చుకుంటాం. ఎంపిక కాస్త తేడా కొట్టినా పోయేది కొంత డబ్బు, ఏడాది చిరాకు. బోట్ విషయంలో అలా కాదు. తీరానికి 40 మైళ్ల దూరంలో మన లెక్క తప్పిందని తెలిస్తే ఎక్స్చేంజ్ ఆఫర్ ఉండదు.

గ్యాడ్జెట్ సైట్‌లో బోట్ గురించి ఎందుకు అంటారా? ఈ రోజుల్లో సెంటర్ కన్సోల్ బోట్ అంటే నీళ్ల మీద నడిచే పెద్ద గ్యాడ్జెట్టే. టచ్ స్క్రీన్లు, సోనార్, రాడార్, లిథియం బ్యాటరీలు, జీపీఎస్‌తో ఒకేచోట నిలబడే మోటార్లు అన్నీ ఉంటాయి. ఫ్లోరిడా, టెక్సాస్ లాంటి చోట్ల ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు కుర్రాళ్లలో వీకెండ్ చేపల వేట మీద మోజున్నవాళ్లకి ఇది నిజంగా పనికొచ్చే టాపిక్. బోట్ కొనే ఆలోచన లేకపోయినా పర్వాలేదు, స్పెక్ షీట్‌ని ఎలా చదవాలో నేర్పే మంచి పాఠం ఇది.

సెంటర్ కన్సోల్ అంటే ఏంటి?

స్టీరింగ్, స్క్రీన్లు, స్విచ్‌లు ఉండే కన్సోల్ బోట్ మధ్యలో ఉంటుంది. చుట్టూ 360 డిగ్రీలు నడవడానికి ఖాళీ. చేప గాలానికి పడి బోట్ చుట్టూ పరుగులు పెట్టిస్తే మీరు కూడా దాని వెంట రాడ్ పట్టుకుని తిరగొచ్చు. ఇంజిన్ లోపల కాకుండా వెనక గోడకి బిగించి ఉంటుంది, దీన్నే ఔట్‌బోర్డ్ అంటారు. పైన నీడకి టీ-టాప్, బతికున్న ఎర చేపల కోసం లైవ్‌వెల్, పక్కల్లో రాడ్ హోల్డర్లు. సింపుల్ డిజైన్, కడగడం తేలిక.

మైనస్ కూడా చెప్పుకోవాలి. క్యాబిన్ ఉండదు. ఎండైనా, వానైనా, ఎగిరిపడే ఉప్పునీళ్లైనా నేరుగా మీ మీదే.

2009లో ఏం జరిగింది?

2009 ఫిబ్రవరి 28న ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్ నుంచి నలుగురు స్నేహితులు 21 అడుగుల సెంటర్ కన్సోల్ బోట్‌లో వేటకి బయల్దేరారు. వాళ్లలో ఇద్దరు ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్లు. అందరూ కండబలం ఉన్నవాళ్లే. తీరానికి చాలా దూరంలో లంగరు కింద ఇరుక్కుపోయింది. తాడుని బోట్ వెనక భాగానికి కట్టి ఇంజిన్‌తో లాగబోతే బోట్ తిరగబడింది. అప్పటికే వాతావరణం పాడవుతోంది. బోట్‌లో ఆటోమేటిక్‌గా సిగ్నల్ పంపే ఎమర్జెన్సీ బీకన్ లేదు. 40 గంటలకు పైగా గడిచాక, బోల్తా పడిన బోట్‌ని పట్టుకుని ఉన్న ఒక్కరిని కోస్ట్ గార్డ్ కాపాడింది. మిగతా ముగ్గురూ తిరిగి రాలేదు.

ఇంత బాధాకరమైన విషయం ఎందుకు చెప్తున్నానంటే, బోట్ తిరగబడ్డా మునిగిపోకుండా తేలుతూనే ఉంది. ఆ ఒక్కరు బతకడానికి అదే ఆధారం. ఆ ఫీచర్ షోరూమ్‌లో కంటికి కనపడదు. కనపడేది పెద్ద స్క్రీన్, మెరిసే ఇంజిన్ కవర్. అందుకే ఈ ఆర్టికల్ మొత్తానికి ఒకే ప్రశ్న: మీరు ఎంత దూరం వెళ్తారు, అక్కడ ఏదైనా తేడా వస్తే ఈ బోట్ మిమ్మల్ని ఎలా వెనక్కి తెస్తుంది?

ముందు మీ సముద్రాన్ని తెలుసుకోండి

ఒకే ఫ్లోరిడాలో రెండు వైపులా రెండు రకాల సముద్రం. మయామీ, పామ్ బీచ్ వైపు తీరం నుంచి కొన్ని మైళ్లు వెళ్తే చాలు, లోతైన నీళ్లు, గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం వచ్చేస్తాయి. దూరం తక్కువే గానీ ఆ ప్రవాహం ఉత్తరానికి పోతుంటుంది. దానికి ఎదురుగా ఉత్తరపు గాలి వీస్తే అలలు నిటారుగా, దగ్గరదగ్గరగా లేస్తాయి. అక్కడ ట్యాంక్ సైజు కంటే అలల్ని కోసే హల్ ముఖ్యం.

టాంపా వైపు సీన్ రివర్స్. సముద్రపు అడుగు చాలా మెల్లగా వాలుతుంది. లోతు కావాలంటే పదుల మైళ్లు వెళ్లాలి. పైగా టాంపా సిటీ దగ్గర బోట్ దించితే బే దాటి బయటపడటానికే 25 మైళ్లకు పైగా పడుతుంది. బే ముఖద్వారం దగ్గరున్న ఫోర్ట్ డి సోటో పార్క్ ర్యాంప్‌లో దించితే ఆ పెట్రోలంతా మిగులుతుంది. అయితే అక్కడి వరకూ ట్రైలర్ మీద లాక్కెళ్లాలి. అమెరికాలో 8 అడుగుల 6 అంగుళాల కంటే వెడల్పైన బోట్‌ని రోడ్డు మీద లాగాలంటే సాధారణంగా ప్రత్యేక పర్మిట్ కావాలి. అంటే బోట్ వెడల్పు కూడా మీరు ఎంత దూరం వేటకెళ్లగలరో డిసైడ్ చేస్తుందన్నమాట.

రేంజ్ లెక్క: అసలు ఎగ్జామ్ ఇదే

ఒక ఉదాహరణ తీసుకుందాం. టాంపాలో ఉండే ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి బోట్ కొనాలనుకున్నారు. ఇద్దరి దగ్గర రెండు బోట్లు నచ్చాయి. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవి, ఏ మోడల్‌వీ కావు.

- బోట్ ఎ: 22 అడుగులు, కొత్తది, 60 గ్యాలన్ల ట్యాంక్, గ్యాలన్‌కి 2.6 మైళ్లు, రెండు 12 అంగుళాల స్క్రీన్లు.
- బోట్ బి: 24 అడుగులు, వాడినది, 110 గ్యాలన్ల ట్యాంక్, గ్యాలన్‌కి 2 మైళ్లు, ఒకే 9 అంగుళాల స్క్రీన్.

చూడగానే మైలేజీ, స్క్రీన్లు రెండింట్లోనూ ఎ గెలిచింది. ఇప్పుడు బోట్ నడిపేవాళ్లంతా పాటించే మూడు వంతుల రూల్ పెడదాం. ట్యాంక్‌లో ఒక వంతు వెళ్లడానికి, ఒక వంతు రావడానికి, ఒక వంతు ముట్టుకోకుండా రిజర్వ్.

బోట్ ఎ మొత్తం రేంజ్ 60 × 2.6 = 156 మైళ్లు. మూడో వంతు 52 మైళ్లు. బోట్ బి 110 × 2 = 220. మూడో వంతు 73.

కానీ ఆ మైలేజీ ప్రశాంతమైన నీళ్లలో, తక్కువ బరువుతో తీసింది. ఫోన్ బ్యాటరీ టెస్ట్‌ని బ్రైట్‌నెస్ తగ్గించి చేసినట్టు. నలుగురు ఎక్కి, ఐస్ నింపి, ఎదురు అలల్లో నడిపితే ఎ మైలేజీ 2కి, బి మైలేజీ 1.6కి పడిపోయిందనుకుందాం. అప్పుడు ఎ వెళ్లగలిగేది 40 మైళ్లు. బి వెళ్లగలిగేది దాదాపు 58. మీ చేపలు 50 మైళ్ల దగ్గర ఉంటే మైలేజీ తక్కువున్న బోటే కరెక్ట్. 15 మైళ్ల లోపే వేట అయితే ఎ హాయిగా సరిపోతుంది, ఖర్చూ తక్కువ.

ఇక్కడ ఇంకో చిన్న ట్రాప్ ఉంది. బ్రోచర్‌లో మైలు అంటే సాధారణంగా 1.609 కిలోమీటర్ల రోడ్డు మైలు. మీ స్క్రీన్ మీద మ్యాప్ నాటికల్ మైళ్లలో ఉండొచ్చు, అది 1.852 కిలోమీటర్లు. రెండూ కలిపేస్తే లెక్క 15 శాతం తప్పుతుంది. సెట్టింగ్స్‌లో యూనిట్లు ముందే చూసుకోండి.

పెట్రోల్ లెక్కకి ఇంకో సులువైన సూత్రం: ఫుల్ థ్రాటిల్‌లో ఔట్‌బోర్డ్ గంటకి తన హార్స్‌పవర్‌లో సుమారు పదో వంతు గ్యాలన్లు తాగుతుంది. అంటే 300 హార్స్‌పవర్ ఇంజిన్ గంటకి 30 గ్యాలన్లు, దాదాపు 113 లీటర్లు. అందుకే టాప్ స్పీడ్ అనేది ప్రగల్భానికి పనికొచ్చే అంకె, క్రూజ్ స్పీడ్ మైలేజీ బతుక్కి పనికొచ్చే అంకె.

హల్: కింద ఉన్న వీ షేప్ సంగతి

బోట్ అడుగు భాగాన్ని వెనక నుంచి చూస్తే ఇంగ్లిష్ అక్షరం వీ లాగా కనిపిస్తుంది. ఆ వాలు కోణం పేరు డెడ్‌రైజ్. స్పెక్ షీట్‌లో దీన్ని డిగ్రీల్లో రాస్తారు.

- 12 నుంచి 18 డిగ్రీలు: నిలబడి చేపలు పట్టేటప్పుడు పక్కలకి తక్కువ ఊగుతుంది, లోతు తక్కువ నీళ్లలోకి పోతుంది. కానీ పెద్ద అలల్లో స్పీడ్‌గా వెళ్తే నడుము విరగ్గొడుతుంది. బే, తీరం దగ్గర వేటకి ఓకే.
- 20 నుంచి 24 డిగ్రీలు: అలని కోసుకుంటూ పోతుంది. ఆగినప్పుడు కాస్త ఎక్కువ ఊగుతుంది, నీళ్ల మీదికి లేచి పరిగెత్తడానికి ఎక్కువ పవర్ అడుగుతుంది. ఆఫ్‌షోర్‌కి ఇదే.

ఈ డీప్ వీ డిజైన్ వెనక పేరు రే హంట్. ఆయన గీసిన 24 డిగ్రీల హల్‌తో డిక్ బెర్ట్రామ్ 1960లో మయామీ–నాసావ్ రేస్ గెలిచారు. సముద్రం కల్లోలంగా ఉన్న ఆ రేస్ తర్వాత ఫిషింగ్ బోట్ల తీరే మారింది.

బరువు దగ్గర కూడా జాగ్రత్త. డ్రై వెయిట్ అంటే చాలాసార్లు ఇంజిన్, పెట్రోల్, మనుషులు లేని బరువు. బోట్ బి ట్యాంక్ నిండితే పెట్రోలే 300 కిలోలు. నలుగురు మనుషులు 320, ఐస్, సామాన్లు 150, ఒక 300 హార్స్‌పవర్ ఇంజిన్ 250 నుంచి 280. అంటే డ్రై వెయిట్ మీద టన్నుకి పైగా కలుస్తుంది, ఇంకా ట్రైలర్ వేరే. మీ ట్రక్ లాగే కెపాసిటీని ఈ మొత్తంతో పోల్చండి.

ఒక ఇంజిన్ చాలా, రెండు కావాలా?

రెండు ఇంజిన్లుంటే ఒకటి ఆగిపోయినా మెల్లగా ఇంటికి చేరొచ్చు. కానీ ధర, పెట్రోల్, సర్వీస్ అన్నీ పెరుగుతాయి, వెనక బరువు కూడా. తీరం దగ్గర తిరిగేవాళ్లకి మంచి కండిషన్‌లో ఉన్న ఒక్క ఇంజిన్ చాలు. 40, 50 మైళ్లు వెళ్లేవాళ్లకి రెండోది లగ్జరీ కాదు.

అయితే చాలామంది మర్చిపోయే పాయింట్: పెట్రోల్‌లో నీళ్లు చేరితే రెండు ఇంజిన్లూ ఒకేసారి ఆగొచ్చు. బ్యాకప్ కోసం రెండు ఫోన్లు తీసుకెళ్లి, రెండింట్లోనూ ఒకే నెట్‌వర్క్ సిమ్ వేసినట్టు అవుతుంది. ఒక్కో ఇంజిన్‌కి విడిగా నీళ్లు వేరుచేసే 10 మైక్రాన్ ఫిల్టర్ ఉందో లేదో అడగండి.

నీళ్లు లోపలికొస్తే?

1961లో బోస్టన్ వేలర్ కంపెనీ వ్యవస్థాపకుడు డిక్ ఫిషర్ ఒక పని చేశారు. తన బోట్‌లో కూర్చుని దాన్ని రెండు ముక్కలుగా కోయించారు, తర్వాత ఇంజిన్ ఉన్న సగంలోనే వెళ్లిపోయారు. లైఫ్ మ్యాగజైన్‌లో ఆ ఫొటోలు వచ్చాయి. రెండు పొరల ఫైబర్‌గ్లాస్ మధ్య నింపిన ఫోమ్ వల్ల అది మునగలేదు. మన యూట్యూబ్ డ్యూరబిలిటీ టెస్టులకి తాత లాంటిది అది.

అమెరికా రూల్స్ ప్రకారం 20 అడుగుల లోపు ఔట్‌బోర్డ్ బోట్‌లకి నీళ్లు నిండినా నిటారుగా తేలే ఏర్పాటు ఉండాలి. 20 అడుగులు, ఆపైన ఉన్నవాటికి ఆ రూల్ వర్తించదు. మన ఎ, బి రెండూ 20 పైనే. కాబట్టి డీలర్‌ని ఈ ప్రశ్నలు అడగండి:

- హల్‌లో ఫోమ్ ఫ్లోటేషన్ ఉందా? నీళ్లు నిండితే తిరగబడకుండా తేలుతుందా?
- డెక్ మీద పడ్డ నీళ్లు వాటంతటవే బయటికి పోతాయా? ఫుల్ లోడ్‌లో నలుగురూ వెనక నిలబడితే కూడా?
- బిల్జ్ పంపులు ఎన్ని? మెయిన్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఆటోమేటిక్‌గా పనిచేస్తాయా?

వీటికి తడబడకుండా జవాబొస్తేనే స్క్రీన్ల దగ్గరికి వెళ్లండి.

ఎలక్ట్రానిక్స్: స్క్రీన్ సైజు చూసి మోసపోకండి

ఇప్పుడు మన ఏరియాకి వచ్చాం. గార్మిన్, సిమ్‌రాడ్, రేమెరీన్, ఫురునో, లోరెన్స్... బ్రాండ్లు చాలా ఉన్నాయి. ఫోన్ కెమెరాలో మెగాపిక్సెల్ కంటే సెన్సర్ ఎంత ముఖ్యమో, ఫిష్ ఫైండర్‌లో స్క్రీన్ కంటే ట్రాన్స్‌డ్యూసర్ అంత ముఖ్యం. నీళ్లలోకి శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టేది అదే.

50 కిలోహెర్ట్జ్ దగ్గరి తక్కువ ఫ్రీక్వెన్సీ లోతుకి వెళ్తుంది, డీటెయిల్ తక్కువ. 200 కిలోహెర్ట్జ్ దగ్గర డీటెయిల్ ఎక్కువ, లోతు తక్కువ. చర్ప్ టెక్నాలజీ ఒకే ఫ్రీక్వెన్సీ కాకుండా ఒక రేంజ్ మొత్తాన్ని వాడుతుంది, అందుకే దగ్గరదగ్గరగా ఉన్న చేపలు విడివిడిగా కనిపిస్తాయి. టాంపా వైపు 100, 150 అడుగుల నీళ్లలో వేటాడేవాడికి వేల అడుగుల కోసం చేసిన ఖరీదైన ట్రాన్స్‌డ్యూసర్ అవసరం లేదు. ఆ డబ్బు కింద చెప్పే సేఫ్టీ గ్యాడ్జెట్లకి పెట్టొచ్చు.

ఎన్ఎంఈఏ 2000 సపోర్ట్ ఉందో చూడండి. ఇది బోట్లకి యూఎస్‌బీ లాంటి కామన్ స్టాండర్డ్. ఇంజిన్, పెట్రోల్, జీపీఎస్ డేటా వేర్వేరు బ్రాండ్ల మధ్య కూడా పంచుకోవచ్చు. మిగిలిన పెట్రోల్‌తో ఇంకెన్ని మైళ్లు వెళ్లొచ్చో స్క్రీన్ మీదే కనిపిస్తుంది.

బ్యాటరీల విషయంలో ఒకే రూల్: ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీ వేరు, స్క్రీన్లు, లైట్లు, పాటలు నడిపే బ్యాటరీ వేరు. రెండూ ఒకటైతే, రోజంతా సోనార్ నడిపి సాయంత్రం తాళం తిప్పితే ఇంజిన్ లేవదు.

ఫోన్ ఉందిగా, ఇంకేం కావాలి?

ఫోన్ ఐపీ68 రేటింగ్ మంచినీళ్ల టెస్ట్. ఉప్పునీళ్లకి గ్యారంటీ కాదు. తడిచేత్తో టచ్ సరిగ్గా పనిచేయదు. తీరం దాటి దూరం వెళ్తే సిగ్నల్ పోతుంది. 2022 నవంబర్‌లో ఐఫోన్ 14తో శాటిలైట్ ఎస్‌ఓఎస్ వచ్చింది, మంచి ఫీచరే. కానీ ఆకాశం వైపు ఫోన్ పట్టుకుని, మెసేజ్ టైప్ చేసే స్థితిలో మీరుండాలి. బోట్ తిరగబడి నీళ్లలో ఉన్నప్పుడు అది కుదిరే పని కాదు. అందుకే ఈ నాలుగూ ఉండాలి:

1. ఫిక్స్‌డ్ వీహెచ్ఎఫ్ రేడియో: 25 వాట్లు, యాంటెన్నా ఎత్తులో ఉండాలి. 16వ ఛానల్ ఎమర్జెన్సీకి. దీనికి ఎంఎంఎస్ఐ అనే 9 అంకెల నంబర్ రిజిస్టర్ చేసి, జీపీఎస్ కలిపితే, ఎర్ర బటన్ నొక్కగానే మీ లొకేషన్‌తో సహా డిస్ట్రెస్ కాల్ వెళ్తుంది. నంబర్ రిజిస్టర్ చేయని రేడియో సిమ్ లేని ఫోన్ లాంటిదే.
2. ఈపర్బ్: 406 మెగాహెర్ట్జ్‌లో శాటిలైట్‌కి సిగ్నల్ పంపే బీకన్. సిగ్నల్ కనీసం 48 గంటలు నడుస్తుంది. కేటగిరీ 1 రకం అయితే బోట్ మునిగినప్పుడు తనంతట తానే విడిపోయి పనిచేస్తుంది. 2009లో ఆ నలుగురి దగ్గర లేనిది ఇదే.
3. పీఎల్‌బీ: ఇది ఒంటికి తగిలించుకునే చిన్న బీకన్, కనీసం 24 గంటలు. లైఫ్ జాకెట్‌కే కట్టేయండి.
4. ఇంజిన్ కటాఫ్ లింక్: నడిపేవాడు నీళ్లలో పడితే ఇంజిన్ ఆగిపోతుంది. 26 అడుగుల లోపు బోట్లలో దీన్ని వాడటం 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికా చట్టం.

ఈ నాలుగూ ఉన్నా, లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు. ఇంకొకటి, పైసా ఖర్చు లేనిది: ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి.

బయల్దేరే ముందు అలల ఫోర్‌కాస్ట్ తప్పనిసరి. అమెరికాలో నేషనల్ వెదర్ సర్వీస్ మెరీన్ ఫోర్‌కాస్ట్ ఇస్తుంది. మన దగ్గర అదే పని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ చేస్తుంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని మన మత్స్యకారులకి అలల హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సూచనలు పంపుతుంది. వేట మీదే బతికే మన ఒడ్డువాళ్లు హెచ్చరిక వచ్చిన రోజు బోటు కదపరు. సరదాకి వెళ్లేవాళ్లకి అంతకంటే తొందరేముంది?

వాడిన బోట్ కొంటుంటే

- ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో కంప్యూటర్ రిపోర్ట్ అడగండి. అన్ని సిలిండర్ల కంప్రెషన్ టెస్ట్ చేయించండి.
- వెనక గోడ మెత్తబడిందేమో చూడండి. ఇంజిన్‌ని కొద్దిగా పైకి లేపి ఊపితే గోడ కదలకూడదు.
- కన్సోల్ లోపల వైరింగ్ చూడండి. టేపు చుట్టిన జాయింట్లు, పచ్చగా తుప్పు పట్టిన తీగలు కనిపిస్తే ధర తగ్గించమనండి, లేదా వదిలేయండి.
- పెట్రోల్ ట్యాంక్ వయసు అడగండి. డెక్ కింద ఉంటుంది కాబట్టి మార్చడం పెద్ద ఖర్చు.
- సర్వేయర్‌తో చెక్ చేయించి, అలలున్న రోజే టెస్ట్ డ్రైవ్ అడగండి. అద్దం లాంటి నీళ్ల మీద ప్రతి బోటూ బాగానే ఉంటుంది.

ఫైనల్‌గా ఏది బెస్ట్?

మన ఉదాహరణలో ముగ్గురూ 15 మైళ్ల లోపే వేటాడతామంటే బోట్ ఎ తీసుకోవచ్చు, ఫ్లోటేషన్ ప్రశ్నకి జవాబు బాగుంటే. 50 మైళ్లు పోతామంటే బోట్ బి తీసుకుని, రెండో పెద్ద స్క్రీన్‌కి పెట్టే డబ్బుతో ఈపర్బ్, మంచి రేడియో, కొత్త బ్యాటరీలు, ఇంజిన్ సర్వీస్ చేయించుకోవాలి. దూరం మీద ముగ్గురికీ ఒకే మాట కుదరకపోతే అసలు ఇప్పుడే కొనకండి. రెండు మూడు ట్రిప్పులు చార్టర్ బోట్‌లో వెళ్లి రండి. ఎవరికి సముద్రం పడుతుందో, ఎవరికి వాంతులో అక్కడే తేలిపోతుంది.

స్క్రీన్ ఎప్పుడైనా అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు. ఇంజిన్ కూడా మార్చుకోవచ్చు. హల్ వాలునీ, అందులో నింపిన ఫోమ్‌నీ తర్వాత మార్చలేరు. కాబట్టి షోరూమ్‌లో సేల్స్‌మన్ స్క్రీన్ ఆన్ చేసే లోపే అడగండి: ఇది నీళ్లు నిండితే తేలుతుందా?